డ్రైనేజీలో పోయింది పోనట్టే, గాలిలో పోయిందే పోయినట్టు: లాస్ వేగాస్ నీటి లెక్క

లాస్ వేగాస్ హోటల్ గదిలో ఒక మనిషి షవర్ కింద అరగంట నిలబడినా ఆ ఊరి నీటి ఖాతాలో తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. అదే ఊళ్లో ఏదో ఆఫీసు ముందు, రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య బారెడు వెడల్పున పచ్చగా కనిపించే గడ్డికి పది నిమిషాలు స్ప్రింక్లర్ తిప్పితే మాత్రం ఆ నీళ్లు ఇక తిరిగి రావు. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, ఎడారిలో 20 లక్షల మందికి పైగా కాపురం ఉంటూ, ఏడాదికి 4 కోట్ల మంది టూరిస్టులను పిలిచి, పడుకోబెట్టి, స్నానాలు చేయించి పంపే ఊరు ఇంకా ఎలా నడుస్తోందో తెలియాలంటే ముందు ఈ తిరకాసు దగ్గరే కాసేపు ఆగాలి.

అక్కడ ఏడాది మొత్తానికి కురిసే వాన 100 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కరువుకి మారుపేరుగా చెప్పుకునే మన అనంతపురంలో కురిసేదానిలో ఐదో వంతు. అందుకే అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు గ్రాండ్ కేన్యన్ ట్రిప్పులో భాగంగా వేగాస్‌లో దిగి, బెలాజియో హోటల్ ముందు పాటకి తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్లు చూసి "ఎడారిలో ఇన్ని నీళ్లు పారబోస్తున్నారేంట్రా" అని ముక్కున వేలేసుకోవడం మామూలే. ఎనిమిదిన్నర ఎకరాల చెరువు, అందులో 8 కోట్ల లీటర్ల పైచిలుకు నీళ్లు, చూడటానికి నిజంగానే కళ్లు చెదురుతాయి. కానీ అవి నది నీళ్లు కావు. 1998లో ఆ హోటల్ తెరవకముందు అదే స్థలంలో డ్యూన్స్ అనే పాత హోటల్ ఉండేది, దానికో గోల్ఫ్ కోర్సు, ఆ గోల్ఫ్ కోర్సుకి ఒక బోరు. ఫౌంటెన్లకి వచ్చేవి ఆ బోరు నీళ్లే. అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి, ఆవిరై తగ్గేది ఏడాదికి నాలుగున్నర కోట్ల లీటర్లు. తక్కువేం కాదు, కానీ ఊరి మొత్తం వాడకం పక్కన పెడితే చెంబెడు. హోటళ్లు, కేసినోలు అన్నీ కలిపినా ఊరి వాడకంలో చిన్న వాటానే. దొంగని పట్టుకోవాలంటే ఆ హోటళ్లు, కేసినోలు వరసగా ఉండే స్ట్రిప్ అనే రోడ్డు దాటి కాలనీల్లోకి వెళ్లాలి.

ముందు నది సంగతి. ఊరికి వచ్చే నీటిలో సుమారు 90 శాతం కొలరాడో నది నుంచి వస్తుంది, ఆ నది మీద హూవర్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన లేక్ మీడ్ నుంచి తోడుకుంటారు. అమెరికా వాళ్లు నీటిని ఎకరా-అడుగుల్లో కొలుస్తారు, మనకి టీఎంసీల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది కాబట్టి అలాగే చెప్పుకుందాం. 1922లో ఏడు రాష్ట్రాలు కూర్చుని నదిని ఎగువ, దిగువ అని పంచుకున్నాయి. 1928 చట్టం దిగువ రాష్ట్రాల వాటాలు తేల్చింది: కాలిఫోర్నియాకి సుమారు 192 టీఎంసీలు, అరిజోనాకి 122, లాస్ వేగాస్ ఉన్న నెవాడాకి 13. అవును, పదమూడే. హైదరాబాద్‌కి కృష్ణా మూడు దశల పేరుతో కేటాయించుకున్న తాగునీరే 16.5 టీఎంసీలు. ఇంత తక్కువకి నెవాడా ఎందుకు ఒప్పుకుంది అంటే, 1930 జనాభా లెక్కల్లో లాస్ వేగాస్‌లో ఉన్నది 5 వేల చిల్లర మంది. రైళ్లు ఆగి నీళ్లు పట్టుకునే ఊరు. సాగు పెద్దగా లేదు, అడిగేవాడూ లేడు. ఆ ఊరి చుట్టూ ఉన్న క్లార్క్ కౌంటీ జనాభా 1990కి 7 లక్షల 40 వేలు, 2020కి 22 లక్షల 65 వేలు. వాటా మాత్రం ఆ పదమూడే.

ఇంకో చిక్కు కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. పంపకం చేసిన ఏళ్లు మంచి వానలున్న ఏళ్లు, నదిలో ఎప్పుడూ అంతే నీరు ఉంటుందనుకుని కాగితం మీద రాసేశారు. మెక్సికోకి 1944 ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది కూడా కలిపితే పంచింది దాదాపు 719 టీఎంసీలు. 2000 తర్వాత నదిలో సగటున వస్తున్నది 540 చుట్టూ. కృష్ణా నికర జలాలు, మిగులు జలాలు అంటూ దశాబ్దాలుగా పేపర్లలో చదివిన వాళ్లకి ఇది కొత్త కథేమీ అనిపించదు.

పదమూడు టీఎంసీలతో ఇంత ఊరు ఎలా బతుకుతోంది? ఇక్కడే షవర్ తిరకాసు. ఇంట్లో, హోటల్లో, రెస్టారెంట్లో సింకులోకో టాయిలెట్‌లోకో పోయిన ప్రతి చుక్కా మురుగు పైపుల్లో శుద్ధి కేంద్రాలకి చేరుతుంది, శుభ్రమై, లాస్ వేగాస్ వాష్ అనే వాగు గుండా మళ్లీ లేక్ మీడ్‌లోనే కలుస్తుంది. ఇలా ఎంత తిరిగి ఇస్తే అంత అదనంగా తోడుకోవచ్చు. నెవాడా వాటాలోంచి తగ్గించేది తోడిన మొత్తాన్ని కాదు, తోడినదానిలోంచి తిరిగి ఇచ్చింది తీసేయగా మిగిలినదాన్నే. అంటే ఒకే బకెట్ నీళ్లని పదిసార్లు వాడుకోవచ్చు, మూత పెట్టుకోగలిగితే. ఇంటి లోపల వాడిన నీటిలో 99 శాతం ఇలా వెనక్కి వస్తుందని అక్కడి నీటి సంస్థ లెక్క.

ఈ సూత్రం మనకీ తెలియనిదేం కాదు. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన 811 టీఎంసీల్లో 11 ఇలా పొలాల నుంచి తిరిగి నదిలోకి వచ్చే పునరుత్పత్తి జలాల కింద కలిపినవే. తాగునీటికి తీసుకున్న దానిలో 20 శాతమే వాడకంగా లెక్కించాలని అదే ట్రైబ్యునల్ అంది, మిగతా 80 శాతం ఎలాగూ మురుగుగా నదికే వస్తుంది కదా అన్న ఊహతో. తేడా ఏమిటంటే, మన దగ్గర అది కాగితం మీద అంకె, వేగాస్‌లో వాగు మీద మీటరు పెట్టి కొలిచి తీసుకునే క్రెడిట్. మూసీలో ఏం తిరిగి వస్తోందో, ఏ రంగులో వస్తోందో హైదరాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి హోటల్ బాత్రూముల్లో "టవల్ మళ్లీ వాడండి, నీటిని కాపాడండి" అని పెట్టే కార్డులు లేక్ మీడ్‌ని పెద్దగా కాపాడవు. లాండ్రీ నీళ్లు కూడా వాగులోకే వస్తాయి. నీళ్లు వేడి చేసే గ్యాసు, డిటర్జెంటు, సరస్సు నుంచి కొన్ని వందల అడుగుల ఎత్తుకి నీటిని ఎక్కించే పంపుల కరెంటు మాత్రం మిగులుతాయి, అది మంచిదే. హోటల్ లాండ్రీ ఖర్చు కూడా మిగులుతుందనుకోండి, అది కార్డు మీద రాయరు.

ఇక అసలు పోయే నీరు. గడ్డి.

ఎడారి ఊరు కట్టినవాళ్లు అమెరికా తూర్పు వైపు నుంచి కలల్ని కూడా వెంట తెచ్చుకున్నారు, ప్రతి ఇంటి ముందూ లాన్, ప్రతి కాలనీ గేటు దగ్గర పచ్చిక, పార్కింగ్ లాట్ల అంచున, రోడ్డు డివైడర్ల మీద కూడా గడ్డే. అక్కడి ఎండకి ఒక చదరపు అడుగు గడ్డి ఏడాదికి 275 లీటర్ల చుట్టూ తాగుతుందని లెక్క కట్టారు. వెయ్యి చదరపు అడుగులంటే మన భాషలో 111 గజాలు, చిన్న ప్లాటు. ఆ మాత్రం లాన్‌కి ఏడాదికి 5 వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు 55 కావాలి. వేసవిలో ట్యాంకర్ బుక్ చేసి ఎదురుచూసిన టెన్షన్ తెలిసినవాళ్లు ఈ అంకెని ఒకసారి ఊహించుకోవచ్చు. ఆ యాభై ఐదు ట్యాంకర్లూ ఏ మురుగు పైపులోకీ వెళ్లవు, వేళ్లు తాగిందీ ఆకులు వదిలిందీ అంతా గాలిలో కలుస్తుంది, ఎక్కువైంది రోడ్డు మీద పారి ఎండిపోతుంది. క్రెడిట్ సున్నా.

2002లో ఊరి వాడకం నెవాడా వాటానే దాటేసింది, సరిగ్గా అదే సమయానికి నది ఎండటం మొదలైంది. అప్పటి నుంచి గడ్డి మీద యుద్ధం. అంతకు ముందే, 1999 నుంచి, గడ్డి పీకి ఎడారి మొక్కలు, కంకర వేసుకున్నవాళ్లకి చదరపు అడుగుకి ఇంత అని నీటి సంస్థే డబ్బులు ఇస్తోంది, ఇటీవల అది 5 డాలర్ల దాకా వెళ్లింది. ఇప్పటికి పీకించింది 20 కోట్ల చదరపు అడుగులకు పైనే, అంటే నాలుగున్నర వేల ఎకరాలు. కొత్త ఇళ్ల ముందు లాన్ వేయడమే నిషేధించారు. ఏ ఇంటికి ఏ రోజు నీళ్లు పెట్టాలో వారాలు కట్టారు, చలికాలంలో వారానికి ఒక్క రోజే. తెల్లవారకముందే నీటి సంస్థ ఇన్‌స్పెక్టర్లు కార్లలో కాలనీలు తిరుగుతారు. ఎక్కడైనా స్ప్రింక్లర్ తల విరిగి నీళ్లు ఫుట్‌పాత్ దాటి కాలువలోకి సన్నగా పారుతుంటే కారు ఆపి, కెమెరా తీసి, తేదీ, టైము, అడ్రసు చెబుతూ వీడియో తీసుకుంటారు. ముందు నోటీసు, తర్వాత జరిమానా, మళ్లీ పట్టుబడితే రెట్టింపు.

2021లో నెవాడా శాసనసభ ఇంకో అడుగు వేసి "పనికిరాని గడ్డి" అనే మాటని చట్టంలోకి తెచ్చింది. పార్కులో పిల్లలు ఆడే గడ్డి పనికొచ్చేది, ఆఫీసు ముందు, డివైడర్ మీద, కాలనీ గేటు దగ్గర ఉన్నది పనికిరానిది. దీనికి అక్కడ చెప్పుకునే పరీక్ష చాలా సింపుల్: దాని మీద నడిచేవాడు లాన్ మోవర్ తోసేవాడు ఒక్కడే అయితే అది పనికిరానిదే. అలాంటి గడ్డికి కొలరాడో నీళ్లు పెట్టడం 2026 ఆఖరుతో ఆగిపోవాలి. సొంత ఇళ్ల పెరటి లాన్ల జోలికి ఆ చట్టం పోలేదు, ఓట్లు అక్కడే ఉంటాయి మరి. 2022లో కొత్త ఈత కొలనుల సైజుకీ 600 చదరపు అడుగుల పరిమితి పెట్టారు.

ఫలితం కనిపిస్తోంది, అందులో సందేహం లేదు. 2002 నుంచి 2023 మధ్య జనాభా ఏడున్నర లక్షలకు పైగా పెరిగింది, అయినా నది నుంచి నికరంగా వాడింది 14 టీఎంసీల నుంచి 8 చిల్లరకి దిగింది. అమెరికాలో నీటి పొదుపు గురించి మాట్లాడేవాళ్లంతా ఈ అంకెని చూపిస్తారు. అయితే ఒక్క మాట. 2035కి ఆ ఊరు పెట్టుకున్న లక్ష్యం మనిషికి రోజుకి 86 గ్యాలన్లు, అంటే 325 లీటర్లు, టూరిస్టులు వాడేది కూడా కలిపి, తిరిగి సరస్సుకి ఇచ్చింది తీసేసిన తర్వాత. మన నగరాలకి పెట్టుకున్న ప్రమాణం మనిషికి 135 లీటర్లు, అదీ ఏమీ తీసేయకుండా. పొదుపులో చాంపియన్ అనే బిరుదు ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

గడ్డి తర్వాత గాలిలోకి పోయే రెండో పెద్ద పద్దు కూలింగ్. మన ఇళ్లలో గడ్డి చాపల ఎయిర్ కూలర్ ఎలా పనిచేస్తుందో పెద్ద కేసినోల, ఆఫీసుల పైకప్పుల మీద ఉండే కూలింగ్ టవర్లూ అదే సూత్రంతో పనిచేస్తాయి, నీటిని ఆవిరి చేసి వేడిని బయటికి పంపడం. పొడి గాలి ఉన్నచోట ఇది అద్భుతంగా, తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. కానీ ప్రతి చల్లటి గంటకీ కొంత నది ఆకాశంలోకి పోతుంది. 2023 నుంచి కొత్త వాణిజ్య భవనాలకి ఈ పద్ధతి వద్దన్నారు. మరి చల్లదనం ఎలా? మామూలు ఏసీలతో. అవి కరెంటు ఎక్కువ తింటాయి, నెవాడా కరెంటులో సోలార్ బాగా పెరిగినా సహజవాయువు వాటా ఇంకా పెద్దదే, పైగా ఏసీ బయటికి వదిలే వేడి వీధిలోకే వస్తుంది. నీటి పద్దులో మిగిల్చింది కరెంటు పద్దులో, వేడి పద్దులో రాసుకున్నట్టు. పొదుపు గురించి రాసే చాలామంది ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

వేడి అంటే మాటలు కాదక్కడ. 2024 జులై 7న 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 48.9, ఆ ఊరి రికార్డుల్లోనే ఎన్నడూ లేనంత. వేడి వల్ల చనిపోయేవాళ్లు ఏటా వందల్లో ఉంటున్నారు, వాళ్లలో ఏసీ పాడైన పాత ఇళ్లలో ఉండే ముసలివాళ్లు, ఇల్లు లేనివాళ్లు ఎక్కువ. ఇలాంటి ఊరికి కావాల్సింది నీడ, నీడకి చెట్లు. పెద్ద చెట్లు చాలావరకు ఎక్కడ పెరిగాయి? ఆ పనికిరాని గడ్డిలోనే, గడ్డికి పెట్టిన స్ప్రింక్లర్ నీళ్లు తాగి. గడ్డి పీకేసి స్ప్రింక్లర్ మూసేశాక, చెట్టు మొదట్లో డ్రిప్ పైపు సరిగ్గా వేసినచోట బతికింది, కాంట్రాక్టర్ తొందరపడి కంకర పోసి వెళ్లిపోయినచోట ముప్పై ఏళ్ల చెట్టు రెండు వేసవుల్లో కట్టె అయింది. కంకర మధ్యాహ్నం పీల్చుకున్న వేడి రాత్రి వదులుతుంది. ఆకుల్లోంచి ఆవిరయ్యే నీరు వృథా అని పద్దులో రాసినా, బస్టాపులో నిలబడ్డ హోటల్ పనివాడి నెత్తి మీద అదే చల్లదనం. గడ్డిని తీసేయడం తేలిక, చెట్టుని మిగుల్చుకుంటూ తీసేయడమే కష్టం, ఈ రెండోదాని మీద నీటి సంస్థ పెట్టిన శ్రద్ధ మొదటిదానితో పోలిస్తే ఆలస్యంగా వచ్చింది.

చెత్త సంగతి రెండు ముక్కల్లో: లక్షన్నర హోటల్ గదులు, తిన్నంత తినే బఫేలు ఉన్న ఊరి చెత్త చాలావరకు ఊరి ఉత్తరాన ఎపెక్స్ అనే చోట ఉన్న డంపింగ్ యార్డుకి పోతుంది, అమెరికాలోనే అతి పెద్దవాటిలో అది ఒకటి. స్థలానికి కరువు లేదు కాబట్టి చెత్త తగ్గించాలన్న ఒత్తిడీ లేదు. బఫేలో మిగిలిన తిండిని దశాబ్దాలుగా ఒక పందుల ఫారం పట్టుకెళ్లి, ఉడకబెట్టి పందులకి పెడుతోంది. రొయ్యలు, కేకులు, పాస్తా కలిసిన ఆ కుడితి తాగే పందుల కంటే వైభోగంగా బతికే పందులు ఇంకెక్కడైనా ఉంటాయా అన్నది అనుమానమే.

ఇంత పొదుపు చేసి మిగిల్చిన నీటితో ఊరు ఏం చేస్తోంది? ఇంకా పెరుగుతోంది. ఊరు ఉన్న లోయ చుట్టూ భూమి దాదాపు అంతా కేంద్ర ప్రభుత్వానిదే, 1998 చట్టం ప్రకారం దాన్ని ముక్కలుగా వేలం వేస్తున్నారు, బిల్డర్లు కొంటున్నారు. ఒక్కో ఇంటి వాడకం తగ్గించి ఇళ్ల సంఖ్య పెంచితే చివరికి వాటా అంచుకే మళ్లీ చేరతారు, అప్పుడు పీకడానికి గడ్డి కూడా మిగిలి ఉండదు. ఇంకో మెలిక ఉంది. ఎపెక్స్ లాంటి కొత్త పారిశ్రామిక వాడలు లోయ గట్టు అవతల ఉన్నాయి, అక్కడి మురుగు తనంతట తాను వాగులోకి రాదు. పంపులు పెట్టి వెనక్కి తోడితే క్రెడిట్ వస్తుంది, లేకపోతే అక్కడ తిప్పిన షవర్ కూడా గడ్డితో సమానం. షవర్ సూత్రం లోయలో ఉన్నంతవరకే.

వేరే చోటు నుంచి తెచ్చుకునే ప్రయత్నమూ జరిగింది. ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న లోయల భూగర్భ జలాలు పైపుతో తెస్తామని 1989లో దరఖాస్తులు పెట్టారు. పశువుల్ని మేపుకునే రైతులు, అక్కడి ఆదివాసీ తెగలు, పర్యావరణ సంఘాలు ముప్పై ఏళ్లు కోర్టుల్లో కొట్లాడితే 2020లో నీటి సంస్థ ఆ ప్రాజెక్టుని వదిలేసుకుంది. పక్క ఊరి బోర్లు ఎండబెట్టి పట్నానికి నీళ్లు పట్టుకెళ్లడం ఎలా ఉంటుందో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, లాస్ వేగాస్ అన్న పేరుకి స్పానిష్‌లో అర్థమే పచ్చిక బయళ్లు, ఆ బయళ్లకి ప్రాణం పోసిన సొంత ఊటలు బోర్ల దెబ్బకి 1962కే ఆరిపోయాయి.

ఇన్ని చేసినా లేక్ మీడ్ నిండుతుందా అంటే, వేగాస్ మొత్తాన్ని రేపు ఖాళీ చేయించినా నిండదు. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ వ్యాలీ అనే ఒక్క సాగునీటి జిల్లాకే 135 టీఎంసీల హక్కు ఉంది, నెవాడా రాష్ట్రం మొత్తానికి ఉన్నదానికి పది రెట్లు. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరలు చాలావరకు అక్కడివీ, పక్కనే ఉన్న అరిజోనాలోని యూమావీ, కాబట్టి రైతుని తిట్టేస్తే పని అయిపోదు. కానీ ఆ నీటిలో పెద్ద భాగం పశువుల మేతకి, అల్ఫాల్ఫా గడ్డికి పోతుంది. అంటే మళ్లీ గడ్డే. ఇంకా ఘోరం ఏమిటంటే, లేక్ మీడ్ ఉపరితలం మీద ఎండకి ఏటా ఆవిరయ్యే నీరే నెవాడా వాటా కంటే ఎక్కువ.

నిండితే ఆ సరస్సు వెయ్యి టీఎంసీలకు పైనే, నాగార్జునసాగర్‌కి మూడు రెట్లకు మించి. 2000 నాటికి దాదాపు నిండుగా ఉన్నది 2022 జులైకి సముద్రమట్టం నుంచి 1,040 అడుగుల ఎత్తుకి దిగింది, 1930ల్లో నింపడం మొదలుపెట్టాక ఎప్పుడూ లేనంత కిందికి. కొండల మీద నీళ్లు తగ్గినంత మేర తెల్లటి గీత, బాత్రూం టబ్బుకి పట్టే మరకలా. పడవలు దించే ర్యాంపులు నీటి వెనకాలే పాక్కుంటూ వెళ్లాయి, మునిగిన పడవలు బురదలో నిలువుగా తేలాయి, దశాబ్దాల కిందట కాల్చి చంపి పీపాలో పెట్టి పారేసిన శవం ఒకటి బయటపడింది. సరస్సు నుంచి ఊరికి నీళ్లు తోడే మొదటి ఇన్‌టేక్ పైపు ఆ ఏడాది ఏప్రిల్లోనే గాలిలోకి వచ్చేసింది. అంతకు ముందు ఏడాదే కేంద్రం చరిత్రలో మొదటిసారి కొరత ప్రకటించి వాటాల్లో కోత పెట్టింది. నెవాడాకి పడిన కోత అది వాడుకోని నీటిలోనే సరిపోయింది, పెద్ద దెబ్బ అరిజోనా రైతుల మీద పడింది.

అయినా ఊళ్లో కుళాయిలు ఆగలేదు. ఎందుకంటే ఇది వస్తుందని ఊహించి సరస్సు అడుగు కింద నుంచి ఐదు కిలోమీటర్ల సొరంగం తవ్వి 2015లో మూడో ఇన్‌టేక్ పెట్టుకున్నారు, దానికి తోడు లోతు నుంచి తోడే కొత్త పంపింగ్ స్టేషను, రెండూ కలిపి 130 కోట్ల డాలర్లకు పైన. హూవర్ డ్యామ్ గేట్లలోంచి దిగువకి నీరు వెళ్లాలంటే సరస్సు 895 అడుగుల పైన ఉండాలి, అంతకన్నా తగ్గితే మనం డెడ్ స్టోరేజీ అంటాం. వేగాస్ కొత్త పైపు మూతి దానికంటే ఇంకా కింద, 860 అడుగుల దగ్గర ఉంది. కాలిఫోర్నియాకి, అరిజోనాకి, మెక్సికోకి డ్యామ్ చుక్క వదలలేని రోజున కూడా ఆ పంపులు నడుస్తాయి.